సునంద తాగింది మంచినీళ్లే

అల్ ఖోబర్, సౌదీ, జనవరి 14

అమ్మా, నీకూ నాన్నకూ వందనాలు. నాకు జ్వరం తగ్గిపోయింది, ఆస్పత్రి డ్యూటీకి వెళ్తున్నాను.

మొన్న చర్చిలో లేచి, మా షాలిని ఫ్లూ నేలవేము కషాయంతోనే పోయిందని సాక్ష్యం చెప్పావట. నిన్నెవరు చెప్పమన్నారు? నువ్వు పంపిన పొడి కాచుకుని తాగాను, నిజమే. అయిదో రోజుకు తగ్గింది. నా గదిలో ఉండే సునందకూ అదే రోజు ఫ్లూ వచ్చింది. కషాయం వాసనకే ముక్కు మూసుకుని, మంచినీళ్లు తాగి పడుకుంది. తనకూ అయిదో రోజుకే తగ్గింది. ఈ సంగతి నీకు ఫోన్లో చెప్పాను. ఆ ముక్క మాత్రం మింగేశావు.

ఉబ్బసం మనిషి రూతు పెద్దమ్మ నీ సాక్ష్యం విని, జ్వరంతో ఎగరొప్పుతూ కూడా, "నర్సు పిల్లకే కషాయంతో తగ్గిందంట, నాకు ఆస్పత్రెందుకే" అందట. నిన్న ఫోన్లో అరిచి ఆస్పత్రిలో చేర్పించాను. ఆవిడకేమన్నా అయ్యుంటే నా పేరే కదా చెప్పేవాళ్లు?

వంటింటి రేకులు మార్పించారా? పొడి ఇక వద్దు, ఎండు నెత్తళ్లు పంపు. పెద్దమ్మ దగ్గర నువ్వే ఉండు. నాన్న మోకాలు జాగ్రత్త.

సెలవుకు వస్తున్న కృపామణక్క చేతికి ఈ కార్డు ఇస్తున్నాను. ఆదివారం అదే చోట నిలబడి, మొత్తం చదువు. నువ్వు చదవకపోతే అక్క చదువుతుంది.

షాలిని