మల్లిక చేత రాయించని వేసవి

ఏప్రిల్ 24
ఈ రోజు నుంచి నేను కొత్త గిరిని. మా మల్లికకు డిస్లెక్సియా అని మొన్న హైదరాబాద్ డాక్టరమ్మ తేల్చింది. అక్షరాలు కళ్ల ముందు కుదురుగా నిలబడవట. బుద్ధి మాత్రం మహా పదును. ఆకారాలూ దారులూ చూడగానే పట్టేస్తుందట. తొమ్మిదేళ్ల పిల్ల, పెద్ద పిల్లల కోసం పెట్టిన పరీక్షలోని చెక్కముక్కలను ఆడుతూ పాడుతూ పేర్చేసింది.

"సెలవుల్లో చదువు మాట ఎత్తకండి. తనకొచ్చిన పని తనను చేయనివ్వండి. భయపడి అది కూడా వదిలేసిందంటే మళ్లీ తేవడం కష్టం," అన్నది డాక్టరమ్మ.

నేను కల్వకుర్తిలో ప్రైవేటు బడి తెలుగు పంతుల్ని. ఊరి పిల్లలందరి వత్తులూ దిద్దే నోరు, సొంత కూతురి దగ్గర మూసుకోలేదా? తీర్మానం: బడి తెరిచేదాకా మల్లిక చేత ఒక్క అక్షరం రాయించను. ఎర్రపెన్ను బీరువాలో పెట్టి తాళం మా ఆవిడ శోభకు ఇచ్చాను. శోభ నవ్వింది. ఎందుకో అర్థం కాలేదు.

ఏప్రిల్ 26
మా ఊరు వచ్చాం. అన్న బీరన్నకు గొర్రెల మంద ఉంది. ఎండాకాలం రైతులు పిలిచి మరీ చెలకల్లో, అంటే మెట్ట పొలాల్లో, రాత్రిళ్లు మంద పెట్టించుకుంటారు. గొర్రెల పెంట భూమికి బలం. గుంజలు పాతి, చుట్టూ వల కట్టి, మందను రోజూ కాస్త పక్కకు జరపాలి. చెలక వంకరగా ఉంటే ఏదో ఒక మూల వదిలిపోతుంది. రైతు సణుగుతాడు.

మల్లిక గట్టు మీద కూర్చుని కాసేపు చూసింది. దిగి వచ్చి మట్టిలో కాలితో గీతలు గీసింది.

"పెద్దబాపూ, గా మూలకు మూడు గుంజలు చాలు. గిట్ల తిప్పుకుంట పోతే ఏడ ఖాళీ ఉండది."

అన్న అట్లాగే కట్టాడు.

ఏప్రిల్ 30
చెలక మొత్తం అయింది. ఒక్క మూల వదల్లేదు. రైతు మల్లప్ప చుట్టూ తిరిగి చూసి, సణగడానికి ఏమీ దొరక్క వెళ్లిపోయాడు. నాకు కళ్లు చెమర్చాయి. పిల్ల అన్నం బాగా తింటోంది. నిద్రలో ఉలిక్కిపడటం లేదు.

నేను ఒక్క అక్షరం అడగలేదు. మల్లిక పక్కన కూర్చుని, పేపర్లో పెద్ద అక్షరాలను కాస్త గట్టిగా, వేలు పెట్టి చదివాను. దాన్ని చదివించడం అనరు.

మే 2
డాక్టరమ్మ మాట సారాంశం రాయించవద్దని. చూపించవద్దని కాదు. అందుకే గుంజల మీద సుద్దతో అ, ఆ, ఇ, ఈ అని రాశాను. గుర్తు కోసమే. "అ గుంజ ఎక్కడ పాతాలమ్మా?" అన్నాను. మల్లిక గుంజను తలకిందులు చేసి, రాసిన వైపు మట్టిలోకి దింపేసింది. పొరపాటున అయి ఉంటుంది.

మే 5
ఇంత తెలివి ఉండి నలుగురికీ తెలియకపోతే ఏం లాభం? బడి పత్రికకు 'మా పెద్దబాపు మంద' గురించి అయిదు వాక్యాలు రాయమన్నాను. అయిదంటే రాయించిన లెక్కలోకి రాదు. ఎర్రపెన్ను లేదు కాబట్టి నీలం పెన్నుతోనే దిద్దాను. గుంజ అనే మాటే నాలుగు రకాలుగా రాసింది. తప్పు రాసిన ప్రతి మాటా పదిసార్లు రాయమన్నాను. మెల్లగానే అన్నాను. రెండోసారి గట్టిగా అన్నాను.

"పోరి మొకం వాడిపోయింది. జర ఇడిసిపెట్టు కొడుకా," అన్నది మా అమ్మ గుర్వమ్మ.

"దాని మంచికేనమ్మా," అన్నాను.

మే 6
కొత్త చెలక. అన్న కేకేశాడు.

"రా బిడ్డా, గుంజలు ఏడ పాతాలె?"

"నాకు రాదు పెద్దబాపూ."

అన్న నవ్వులాట అనుకుని మళ్లీ అడిగాడు. తల ఎత్తకుండా మళ్లీ అదే మాట అన్నది. పుస్తకం తెరిచినప్పుడల్లా అనే మాట అది. చెలకలో ఎప్పుడూ వినలేదు. శోభ నా జేబులోని నీలం పెన్ను తీసి కొంగున ముడేసుకుంది. తిట్టినా బాగుండేది. నా మీద నాకే రోత పుట్టింది.

మే 8
ప్రాయశ్చిత్తంగా నిన్న సాయంత్రం గుంజలు నేనే పాతాను. ఎం.ఏ., బీఈడీ. తెల్లారేసరికి మంద మొత్తం పక్కనున్న యాదమ్మ వంకాయ తోటలో ఉంది.

"ఏం పంతులూ, గొర్లకు గూడ సెలవులిచ్చినవా?" అన్నది యాదమ్మ, కర్ర పట్టుకుని.

నేను ఒక గొర్రె వెంట, గొర్రెలన్నీ నా వెంట. గట్టు మీద మల్లిక కిసుక్కున నవ్వింది. మందను మళ్లీ లోపలికి తోలాక దిగి వచ్చి, నేను పాతిన గుంజ ఒకటి పీకి కాస్త లోపలికి పాతింది. వల బిగుసుకుంది. ఎందుకట్లా అని అడగబోయాను. ఇంకో గుంజ పట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"బాపూ, గిది గూడ రాయాల్నా?"

నేను అవునంటే ఆ గుంజ అక్కడే పడేసి వెళ్లిపోతుంది. నాకు భయమేసింది.

"వద్దు బిడ్డా," అన్నాను.

గుంజ పాతింది.

మే 9
తీర్మానం. మళ్లీ మొదటి రోజు.

పొద్దున మల్లికే పిలిచింది. "బాపూ, నువ్వు గుంజ పట్టుకో. ఏడ పాతాల్నో నేను చెప్త." పట్టుకున్నాను. ఎన్నిసార్లు పాతినా తప్పు చోటే పాతాను. ప్రతిసారీ నా చెయ్యి పట్టుకుని, "గాడ గాదు బాపూ, గీడ," అని జరిపింది. పదిసార్లు పాతమని మాత్రం అనలేదు.