బల్ల సంఘం, సభ్యులు ముగ్గురు

వినిపెగ్, ఫిబ్రవరి 3

మేనేజరు యూలాలీ కార్మియే గారికి,

చందా కట్టి ఎవరి పని వాళ్లు చేసుకునే ఈ పని మందిరంలో నలభయ్యో నెంబరు సభ్యుడు ఒరెస్ట్ మెల్నిక్ రాయునది ఏమనగా:

నిన్న గోడమీద నోటీసు చూశాను. వంటగది పక్కనున్న పొడవాటి చెక్కబల్ల ఇరవయ్యో తేదీన తీసేసి, అక్కడ నాలుగు గాజు ఫోన్ గదులు పెడతారట. ఎవర్నడిగి?

నేను టెక్సాస్ కంపెనీకి సినిమాల కింద మాటలు టైపు చేస్తాను. రెండేళ్లయింది, మా యజమాని మొహం చూడలేదు. డోరీన్ బీమా దరఖాస్తులు సరిచూస్తుంది. రోడెల్ నర్సు, ఫోన్లో రోగులకు ధైర్యం చెప్తాడు. ముగ్గురికీ ముగ్గురు యజమానులు, ఒక్కరూ కంటికి కనబడరు. మేం మనుషుల మొహాలు చూసేది మధ్యాహ్నం అరగంట, ఆ బల్ల దగ్గరే. అదీ తీసేస్తే మేం సీసాలో పెట్టిన దోసకాయలమే!

కార్మిక హక్కుల మీద నాలుగు కరపత్రాలు చదివాను. ఈరోజే "బల్ల సంఘం" స్థాపించాం. సభ్యులు ముగ్గురు. బల్ల కదిలితే ఊరుకోం.

పోరాటాభివందనాలతో,
ఒరెస్ట్

తా.క.: మీ తలుపు మూడుసార్లు తట్టాను. లోపల దీపం వెలుగుతోంది, గుర్రుమని చప్పుడు కూడా వస్తోంది. పనివేళల్లో నిద్రపోయే హక్కు మాకూ కావాలన్నది సంఘం రెండో డిమాండు.

*

ఫిబ్రవరి 6

ఒరెస్ట్ మెల్నిక్ గారికి, నమస్కారం.

మీ ఉత్తరం చేరింది. నా జాబితాలో "చెక్క వస్తువు, ఒకటి, పాతది" అని మాత్రమే ఉంది. అది బల్ల అని మీరు చెప్తేనే తెలిసింది. తీసెయ్యమన్నది పై ఆఫీసు. ఇరవయ్యోలోగా సంతకం పెట్టాల్సింది మాత్రం నేనే.

నేను పనివేళల్లో నిద్రపోను.

ఇట్లు,
యూలాలీ కార్మియే

తా.క.: సాయంత్రం గొడుగు మరచిపోకండి. పొద్దుట్నుంచీ ఒకటే వాన.

*

ఫిబ్రవరి 9

గౌరవనీయులైన (ఇప్పటివరకూ) మేనేజరు గారికి,

మీ జవాబు మీ తలుపు పక్కనున్న ప్రింటర్లోంచి వేడివేడిగా ఊడిపడింది. పది అడుగుల దూరం! తలుపు తీసి చేతికిస్తే మీ హోదా కరిగిపోతుందా?

అది బల్ల అని తెలియదట! రోజూ దాని పక్కనుంచే కదండీ నడిచేది!

ఇక వాన. బయట సున్నాకి ముప్ఫై ఒక్క డిగ్రీలు కింద ఉంది. బస్టాపునుంచి ఇక్కడికి వచ్చేసరికి రోడెల్ మీసం గడ్డకట్టి విరిగిపోతుందేమో అనిపించింది. యాజమాన్యం వాళ్లు కిటికీలోంచి కూడా బయటికి చూడరని కరపత్రంలో రాస్తే, మరీ ఇంత కోపమేమిట్రా అనుకున్నాను. తక్కువే రాశారు!

రేపట్నుంచి సమ్మె. ముగ్గురం ఇక్కడికి రాం. ఇంట్లోంచే పని చేసుకుంటాం.

తగ్గేది లేదని తెలుపుతూ,
ఒరెస్ట్

తా.క.: ఇప్పుడే డోరీన్ అడిగింది: "ఒరేయ్ బాబూ, చందా ముందే కట్టాం. మనం రాకపోతే ఆవిడకి పోయేదేంటి? హీటరు ఖర్చు కలిసొస్తుంది." దీనికి కరపత్రాల్లో జవాబు లేదు. సమ్మె రద్దు. రేపట్నుంచి మీ తలుపు ముందే బైఠాయింపు.

*

ఫిబ్రవరి 11

ఒరెస్ట్ గారికి,

సభ్యులు ఎక్కడైనా కూర్చోవచ్చు, నిబంధన ఏడు. నేల చల్లగా ఉంటుందేమో, కుర్చీలు వేసుకోండి.

ఒక సంగతి అడగాలి. ఆ బల్ల దగ్గర ఎవరెవరు కూర్చుంటారు? ఏం తింటారు? ఏం మాట్లాడుకుంటారు? కాస్త వివరంగా రాయండి. ఫైలు కోసం.

యూలాలీ

తా.క.: భోంచేసి రాస్తున్నాను. అక్షరాలు తారుమారైతే పులుసు చేతిది తప్పు.

*

ఫిబ్రవరి 14

మేనేజరు గారికి,

ఫైలుకా! అంటే నిఘా! రాసుకోండి, మాకు దాపరికం లేదు.

డోరీన్ బీట్‌రూట్ సూప్ తెస్తుంది. రోడెల్ వాళ్లావిడ సేమ్యా వేపుడు పంపుతుంది, నలుగురికి సరిపడా. వెక్కిళ్లు ఆగట్లేదని ఒక పెద్దాయన రోడెల్‌కి రోజూ ఫోన్ చేస్తాడు. రోడెల్ మాట్లాడటం మొదలెట్టగానే ఆగిపోతాయట. అయినా ఆయన గంటసేపు ఫోన్ పెట్టెయ్యడు. తన కంటి ఆపరేషన్ సంగతి డోరీన్ సొంత కొడుక్కంటే ముందు మాకే చెప్పింది, ఆ బల్ల దగ్గర. నేనేమో వాళ్లకి కరపత్రాలు చదివి వినిపిస్తాను. వాళ్లు నములుతూ వింటారు. అంతే. ఇది చాలా మీ ఫైలుకి?

నిన్న మా అమ్మమ్మ బంగాళాదుంప కూరి కజ్జికాయల్లా చేసిన పెరోగీలు పన్నెండు, మిమ్మల్ని సిగ్గుపడేలా చెయ్యాలని తలుపు ముందు పెట్టి, నినాదాలిస్తూ వంటగది దాకా వెళ్లొచ్చాం. వచ్చేసరికి ప్లేటు ఖాళీ! తిన్నారు, సంతోషం. మేం ఉండగా తలుపు మాత్రం తీయలేదు. భోంచేసి రాస్తున్నానన్న మీ ఉత్తరం ప్రింటర్లో పడింది పదకొండింటికి. అంత పెందలాడే భోంచేసేవాళ్లకి మళ్లీ అంత ఆకలేమిటి?

ఒరెస్ట్

తా.క.: రోడెల్ మీ తలుపుకి చెవి ఆనించి విన్నాడు. "ఇది మనిషి గురకైతే వెంటనే ఆసుపత్రిలో చేర్పించాలి" అన్నాడు. పోరాటం పోరాటమే. ఒకసారి చూపించుకోండి.

*

మాంక్టన్, ఫిబ్రవరి 18

ఒరెస్ట్ బాబూ,

నిన్న బాయిలరు చూసే గార్త్ నాకు ఫోన్ చేశాడు. "అమ్మగారూ, వెనక తలుపులోంచి వచ్చి నా పని నేను చేసుకుంటుంటే, బయట ముగ్గురు కూర్చుని నన్ను రాజీనామా చెయ్యమంటున్నారు. నేనేం చేశానండీ?" అని. అప్పటిగ్గానీ నాకు వెలగలేదు. మీరు తలుపు తట్టానంటే కరపత్రాల భాష అనుకున్నాను.

నాయనా, అది బాయిలరు గది. "మేనేజరు" అని తలుపుమీదున్న బోర్డు ఆ భవనం విత్తనాల గోదాముగా ఉన్న రోజులది, తొంభై ఏళ్ల పాతది. నేను వినిపెగ్ ఎప్పుడూ చూడలేదు. మూడు వేల కిలోమీటర్ల అవతల, మాంక్టన్‌లో మా వంటింట్లో కూర్చుని పదకొండు భవనాలు చూసుకుంటాను. మీరు ఫిర్యాదుల పేజీలో టైపు చేసింది ఇక్కడ నా తెరమీద కనిపిస్తుంది, నా జవాబులు ఇక్కడ నొక్కితే అక్కడ మీ ప్రింటర్లో పడతాయి. వాన ఇక్కడే. మీ పదకొండు నాకు ఒంటిగంట.

ఆరేళ్లలో నాకు ఏడు వేల ఉత్తరాలొచ్చాయి. అన్నీ ఇంటర్నెట్ రావట్లేదనే. నా తలుపు ఎవరైనా తట్టడం ఇదే మొదటిసారి. పోనీలే, అది నా తలుపు కాకపోతేనేం.

ఫైలు అన్నది అబద్ధం. మీ బల్ల కబుర్లు రెండుసార్లు చదువుకున్నాను. ఈ ఉదయం జాబితాలో "చెక్క వస్తువు" కొట్టేసి, "సభ్యులు వాడుతున్నారు, కదల్చరాదు" అని రాసి సంతకం పెట్టాను. పై ఆఫీసు ఏమంటుందో తెలియదు. పైన అంటాం గానీ, వాళ్లూ ఎవరి వంటింట్లో వాళ్లే ఉన్నారు.

మీ సంఘంలో నన్ను చేర్చుకుంటారా? బల్ల చివర ఒక కంప్యూటరు తెరిచిపెట్టి, గోడవైపు తిప్పకుండా ఉంటే చాలు. మీ పన్నెండుకి నాకు రెండవుతుంది. అందాకా ఆకలికి ఓర్చుకుంటాను.

సభ్యత్వం కోరుతూ,
యూలాలీ

తా.క.: పెరోగీలు తిన్న ఘనత గార్త్‌ది. సంఘం ఉపన్యాసాలన్నీ తలుపవతల నిలబడి విన్నాడు కాబట్టి అతన్నీ చేర్చుకోండి. రేపు కూడా బైఠాయింపు ఉందేమో కనుక్కోమన్నాడు. ఉంటే ఈసారి నంజుకోడానికి కాస్త పుల్లటి మీగడ కూడా పెట్టమన్నాడు.