ఎర్ర గీత లోపలి గడ్డి

జూన్ 8, ఆదివారం

మళ్ళీ ఆదివారం వచ్చింది. మళ్ళీ గడ్డి.

పొద్దున్నే కాఫీ తాగి, చిరుగుల బనీను తగిలించుకుని, ఆ పాత తోపుడు మిషన్ పట్టుకుని ఆయన లాన్‌లోకి దిగారు. భోజనానికి పిలిస్తే ఇంకొక్క వరస ఉంది అన్నారు. ఆ ఒక్క వరస ఎప్పటికీ అయిపోదు. తిన్నాక వరండాలో కుర్చీ వేసుకుని, కోసిన గడ్డిని చూస్తూ కూర్చున్నారు. వారమంతా షాలిమార్ యార్డులో గూడ్సు బళ్ళతో వేగే మనిషి, ఉన్న ఒక్క సెలవూ గడ్డికే ధారపోస్తారు.

పెళ్ళయిన కొత్తలో, బాబూఘాట్‌లో లాంచి ఎక్కించి గంగ దాటిస్తాను, ఓ ఆదివారం వెళ్దాం అన్నారు. మూడేళ్ళయింది. ఈ రోజు గుర్తుచేశాను. గడ్డి పని కానీ అన్నారు. వానాకాలం కలకత్తాలో గడ్డి పని అవడం ఏమిటి? ఇటు కోస్తుంటే అటు లేస్తుంది.

ఈ లాన్ సువర్ణది, ఆయన మొదటి భార్యది. నాకెవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. సాల్ట్ లేక్‌లో మా చుట్టుపక్కల ఇళ్ళన్నీ నాలుగేసి అంతస్తులు లేచాయి. మా ఇంటి ముందు మాత్రం ఈ పచ్చిక ఇలాగే ఉంది. పోయిన పెళ్ళాం మీద ప్రేమ కాకపోతే మరేమిటి?

హాల్లో ఆవిడ ఫొటో ఉంది. దండ నేనే మారుస్తాను. ఫొటో మీద నాకే బాధా లేదు. గడ్డి మీదే కుళ్ళు. నలభై నాలుగేళ్ళదాన్ని, విజయనగరంలో అన్నేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, గడ్డిని చూసి కుళ్ళుకుంటున్నాను. రాసేశాను. ఇప్పుడు కొంచెం నయం.

జూన్ 10, మంగళవారం

ఫోన్‌లో ఒక వీడియో చూశాను. తాబేలు లాంటి మిషన్. తనే బయల్దేరుతుంది, తనే గడ్డి కోస్తుంది, ఛార్జింగ్ అయిపోతే తనే గూటికి పోతుంది. మనిషి అక్కర్లేదట.

ఆ మాట దగ్గర ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను.

జూన్ 12, గురువారం

రోబో మోవర్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఒక రకానికి లాన్ చుట్టూ నేలలో వైరు పాతాలి. అది వద్దు. ఆ వైరు పాతడానికే ఆయన గునపం పుచ్చుకుని ఇంకో నాలుగు ఆదివారాలు తినేస్తారు. ఇంకో రకం శాటిలైట్‌తో నడుస్తుంది, దానికి ఆకాశం బాగా కనబడాలి. చుట్టూ మేడలు లేచాక మాకు మిగిలిన ఆకాశం చాపంత. కాబట్టి కెమెరా రకం. కళ్ళున్న తాబేలు.

సాకు కూడా దొరికింది. ఆయన నడుం నొప్పి.

జూన్ 14, శనివారం

రాత్రి భోజనాల దగ్గర కదిపాను. ఏటే హైమా, గడ్డి కొయ్యడానికి మిషనేటి, ఓ మేకని కట్టీరాదా, ధూర్! అన్నారు అత్తగారు. ఆవిడ కలకత్తా కాపరానికొచ్చి యాభై ఏళ్ళు దాటింది. తెలుగు ఇంకా బొబ్బిలిదే, విసుగు మాత్రం బెంగాలీలోకి మారింది.

ఆయన నన్ను కాసేపు చూశారు. నా నడుం గురించి నీకంత బెంగగా ఉంటే కొందాంలే అన్నారు. ఎంత మెత్తగా అన్నారో. నాకు సిగ్గేసింది. ఆర్డర్ పెట్టేశాక పోయింది.

జూన్ 22, ఆదివారం

మిషన్ ఇంకా రాలేదు. గడ్డి కోశారు.

జూన్ 28, శనివారం

వచ్చింది! కంపెనీ నుంచి సంజయ్ అనే అబ్బాయి వచ్చి బిగించాడు. వరండా మెట్ల పక్కన గూడు పెట్టాడు, బయటి ప్లగ్ నుంచి కరెంటు లాగాడు. ఇద్దరి ఫోన్లలోనూ ఆప్ ఎక్కించాడు. తరవాత దానికి మన హద్దులు చూపించాలట. ఫోన్‌తో బొమ్మకారులా నడుపుకుంటూ లాన్ అంచు వెంట ఒక చుట్టు తిప్పితే చాలు, మ్యాప్ గీసుకుంటుందట.

నేను తిప్పుతాను అన్నాను. మూడేళ్ళలో ఆ లాన్ అంచు వెంట నడవడం ఇదే మొదలు. గేటు, కొబ్బరిచెట్టు, ప్రహరీ, వంటింటి గుమ్మం. ఫోన్‌లో నీలం గీత నా వెనకే వస్తోంది. ఇంత చోటమ్మా సువర్ణక్కా నీది, ఇంతే అని లోలోపల అనుకుంటూ నడిచాను. భలే ఉషారుగా ఉంది.

వంటింటి మూలకి వచ్చేసరికి ఆయన వచ్చి ఫోన్ తీసుకున్నారు. ఈ మూల మిషన్ రాకూడదు, ఎలా అని సంజయ్‌ని అడిగారు. నో-గో జోన్ పెట్టుకోవచ్చు సార్ అన్నాడు వాడు. ఆయన తెర మీద వేలితో గుండ్రంగా గీశారు. ఎర్ర గీత పడింది. అన్నం కంచాలు నాలుగు పరిస్తే పట్టేంత చోటు.

అక్కడేముందా అని చూశాను. గడ్డే ఉంది. మిగతా చోట ఉన్న గడ్డే.

ఎందుకని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

జులై 6, ఆదివారం

ఈ రోజు లాంచి ఎక్కాం. నిజంగా ఎక్కాం.

మిషన్‌ని దాని మానాన వదిలేసి, మెరూన్ చీర కట్టుకుని, ఆయన పక్కన బాబూఘాట్‌లో దిగాను. జాల్‌మురి, అదే కారం మరమరాలు, కొనిపెట్టారు. గాలికి ఆయన జుట్టు లేస్తుంటే పడుచుతనంలో ఎలా ఉండేవారో తెలిసింది. ఆ వయసు నేను చూడలేదు, ఇంకెవరో చూశారు. అది కూడా మింగేశాను.

నది మధ్యకి వచ్చాం. ఆయన జేబులో ఫోన్ గుర్రుమంది. మిషన్ రాలిన కొబ్బరిమట్ట కింద ఇరుక్కుందట, సాయం కావాలట. అక్కడి నుంచి ఆయన గంగని చూస్తే ఒట్టు. అత్తగారికి ఫోన్ చేసి, మట్ట తియ్యమ్మా అని బతిమాలారు. నాను ముట్టను, కరిసీగల్దు అన్నారట ఆవిడ.

అవతల హౌరాలో దిగి టీ తాగుదాం అనుకున్నాను. ఆయన అప్పటికే తిరుగు లాంచి ఎప్పుడని అడుగుతున్నారు. గంగని రెండుసార్లు దాటాం. ఒక్కసారీ చూడలేదు.

జులై 13, ఆదివారం

పొరపాటు ఎక్కడ జరిగిందో అర్థమైంది. మనిషి అక్కర్లేదన్నది మిషన్. ఈ మనిషికి గడ్డి అక్కర్లేదని ఎవరూ అనలేదు.

పొద్దున్నుంచీ దాని వెనకే తిరిగారు. దాని వరసలు తిన్నగా ఉన్నాయా, మలుపు దగ్గర బుద్ధిగా తిరుగుతోందా అని చూడడం. తరవాత కుర్చీ, ఒళ్ళో ఫోన్. మ్యాప్‌లో కోసిన భాగం ముదురాకుపచ్చ, కొయ్యనిది లేతాకుపచ్చ. దాన్ని చూస్తూ నవ్వుకుంటున్నారు. పూర్వం గడ్డి కోసేటప్పుడు కనీసం చెమట తుడుచుకోవడానికి తువ్వాలు తెమ్మని నన్ను పిలిచేవారు. ఇప్పుడు చెమటే లేదు. కొరివితో తల గోక్కున్నాను.

అన్నిటికంటే ఘోరం సాయంత్రం జరిగింది. వంటింటి కిటికీ లోంచి చూశాను. ఎర్ర గీత మూల దగ్గర గొంతుక్కూచుని, కత్తెరతో ఆ గడ్డి కొసలు ఒక్కొక్కటీ కత్తిరిస్తున్నారు. చంటిపిల్లకి గోళ్ళు తీసినట్టు.

జులై 15, మంగళవారం

ఆ ఎర్ర గీత నా ఫోన్‌లో కూడా ఉంది.

జులై 19, శనివారం

చెరిపేశాను. గీత మీద వేలు పెట్టి నొక్కితే, తొలగించమంటారా అని అడిగింది. అవును అన్నాను. ఇంకోసారి అడగనైనా అడగలేదు.

జులై 20, ఆదివారం

రాయకూడదనుకున్నాను. అయినా రాస్తాను.

పొద్దున వాన వెలిశాక మిషన్ బయల్దేరింది. ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు. నేను వంటింట్లో కూర తరుగుతూ కిటికీ దగ్గరే ఉన్నాను. అది గేటు వైపు రెండు వరసలు కోసింది. ప్రహరీ పక్కన కోసింది. తిన్నగా మూలకి వచ్చింది. దానికేం తెలుసు? ఆగలేదు.

ఆయన తలెత్తారు. పేపరు ఎక్కడ పడిందో చూసుకోలేదు. చెప్పులు లేవు. బురదలో జారుతూ, ఒక చెయ్యి నేలకి ఆనించి లేస్తూ పరిగెత్తారు. ఆగు, ఆగు అని అరుస్తున్నారు, అది మనిషైనట్టు. వెళ్ళి ఆ మిషన్‌ని రెండు చేతులతో ఎత్తేశారు. ఎత్తితే దాని కత్తులు ఆగిపోతాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే వేళ్ళు పోయేవి. దాన్ని పక్కన పడేసి మోకాళ్ళ మీద కూర్చుని, తెగిన చోట అరచేత్తో నిమిరారు.

పోయినేడాది నేను స్నానాలగదిలో జారిపడి కేక పెడితే, ఏమైంది అని హాల్లోంచి అడిగారు. వచ్చారు, రాలేదని కాదు. నడుచుకుంటూ వచ్చారు. చెప్పులు వేసుకుని వచ్చారు.

నాకోసం ఈ మనిషి ఇలా ఎప్పుడూ పరిగెత్తడు. ఈ రోజు అది నా కళ్ళతో చూశాను. నేనే ఏర్పాటు చేసుకుని మరీ చూశాను.

జులై 21, సోమవారం

సంజయ్ వచ్చాడు. అప్‌డేట్ వచ్చినప్పుడు ఒక్కోసారి ఇలా అవుతుంటుందని సర్దిచెప్పి, ఎర్ర గీత మళ్ళీ గీశాడు. ఆయన నమ్మారు. నేను సంజయ్‌కి టీతో పాటు రెండు సందేశ్ మిఠాయిలు ఎక్కువ పెట్టాను.

ఆగస్టు 7, గురువారం

రేపు శ్రావణ శుక్రవారం. ఈ ఇంట్లో లక్ష్మీదేవి కంటే ముందు సువర్ణ. ముత్తైదువగా పోయింది కాబట్టి ఆవిడ పేరంటాలు. కొత్త చీర అంచులకి పసుపు రాసి, ఫొటో ముందు పెట్టి, దణ్ణం పెట్టుకుని, ఆ చీర నేను కట్టుకోవాలి. రెండో పెళ్ళాం చేసి తీరవలసిన పని అది. పెళ్ళిచూపుల నాడే అత్తగారు చెప్పారు, నేను సరే అన్నాను.

చీర ఆయనే తెస్తారు. సాయంత్రం తెచ్చారు. మళ్ళీ ఆకుపచ్చ. ఇది మూడోది. ఆవిడకి ఇష్టమైన రంగు కట్టుకుని, ఆవిడ గడ్డి ముందు తిరగాలి. పోనీ లాన్‌లోనే పడుకుంటే కలిసిపోతాను, ఎవరికీ కనబడను.

ఆగస్టు 8, శుక్రవారం

ఇంకా నమ్మశక్యంగా లేదు.

పసుపు రాస్తూ, ఉండబట్టలేక, అక్కకి ఆకుపచ్చంటే ఎంత ఇష్టమో కదండీ అన్నాను అత్తగారితో. ఆవిడ ముందు నా మొహం చూశారు. తరవాత నవ్వారు. దగ్గొచ్చేదాకా నవ్వారు.

దానికి ఆకుపచ్చంటే ఒళ్ళుమంట, నీకెవులు సెప్పారే అన్నారు. చీరల రంగు కొడుకుదట. గడ్డి కూడా కొడుకుదేనట. ఇల్లు కట్టిన ఏడే నాటేడు, ఆదివారమొస్తే దాని మీదే పొర్లీవోడు, పెళ్ళాం పక్కనుందో నేదో కూడా తెలీదు ఎదవకి అన్నారు. సిమెంటు చేయించెయ్యమని సువర్ణ ఏళ్ళ తరబడి పోరిందట. ఆయన వినలేదట. ఆవిడ పోరడం మానేసింది. ఆదివారం ఆదివారం అన్నం వార్చి, సలసల కాగే గంజి గిన్నెతో తిన్నగా వంటింటి గుమ్మం దిగి, ఆ మూల గడ్డి మీద పోసేదట. ఈడూ మాటాడీవోడు కాదు, అదీ మాటాడీది కాదు, గంజే మాటాడీది అన్నారు అత్తగారు. అక్కడ గడ్డి మాడి నేల బోడిగా ఉండేదట. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అక్కడ ఒక్క పరక మొలవలేదు.

ఆవిడ పోయాకే మొలిచింది.

పసుపు చేతులతో అలాగే కూర్చుండిపోయాను. నా వంటింటి కిటికీలోంచే ఆవిడా చూసిందన్నమాట. ఆ వీపునే. ఆ బనీనునే. మూడేళ్ళు ఎవరి మీద పళ్ళు నూరాను నేను! ఇద్దరికీ సవతి ఆ గడ్డే.

దణ్ణం పెట్టుకునేటప్పుడు మొదటిసారి ఫొటోలో ఆవిడ కళ్ళలోకి చూశాను. నవ్వొచ్చింది. ఆకుపచ్చ చీర కట్టుకోవడానికి క్షమించమన్నాను.

కానీ సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ మొదలైంది. ఆయన కత్తెర పుచ్చుకుని ఆ మూలకి వెళ్ళారు. ఆ గడ్డి మొలిచిందంటే ఆవిడ లేదనే కదా. దాన్ని మిషన్‌తో తొక్కించరు. ఇంత జాగ్రత్త గడ్డి మీదో, ఆవిడ కోపం మీదో నాకు తెలియదు. ఆయనకైనా తెలుసో లేదో. ఒక ఆడమనిషి కోపాన్ని అంత భద్రంగా దాచుకున్నారు. కుళ్ళు రాదూ? నా కోపానికి ఈ ఇంట్లో జానెడు చోటేదీ?

ఆగస్టు 9, శనివారం

అటక మీంచి అన్నం వార్చే సిబ్బి దింపి తోమాను. అత్తగారు చూశారు. తోమిన సిబ్బిని ఆవిడే తుడిచి పొయ్యి పక్కన పెట్టారు.

ఆగస్టు 10, ఆదివారం

కుక్కర్ తియ్యలేదు. గిన్నెలో వండి వార్చాను. గంజి కుతకుతలాడుతోంది.

ఎర్ర గీత జోలికి పోలేదు. అది అక్కది. వరండా మెట్లకెదురుగా, ఆయన కుర్చీకి సూటిగా, మిషన్ నున్నగా కోసి వెళ్ళిన చోట, నాకొక చోటు చూసుకున్నాను.

పోశాను.

ఆయన ఫోన్ పడేసి పరిగెత్తుకొచ్చారు. కాళ్ళకి చెప్పుల్లేవు.