ఎదురు కుర్చీ

రమణా,

జ్వరంతో నువ్వు పోయి నెలైంది. ఊళ్లో ఇవాళ నీకు మాసికం పెట్టుంటారు. ఈ పరాయి దేశంలో ఏమో నా వర్క్ వీసా కూడా కాదన్నారు. ఐటీ ఉద్యోగాలు కుప్పలుగా ఉన్నాయనే కదా వచ్చాం.

మనం బ్యాగులు మోసుకుంటూ తిరిగిన వీధుల్లోనే తిరిగి, బూన్ లే హాకర్ సెంటర్‌లో, ఆ తిండి అంగళ్ల మధ్య కూర్చున్నాను. ఎదురు కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టాను. అలా పెడితే సీటు ఆపుకున్నట్టని తెలియక, వచ్చిన కొత్తలో నువ్వు ఒకటి పట్టుకుని, ఎవరిదని అడుగుతూ ప్రతి బల్లకీ తిరిగావు.

మన గదిలో ఇప్పుడు నీ చాప మీద పడుకుంటున్న కిరణ్ వచ్చాడు. అతనూ వీసా కోసమే చూస్తున్నాడు.

“అన్నా, ఎవరో ప్యాకెట్ మర్చిపోయినట్టున్నారు. అడిగి ఇచ్చేసి రానా?”

“ఎవరూ రారులే. నువ్వు కూర్చో,” అన్నాను.