నాపరాయి కింద పైపు

నంద్యాల,
ఏప్రిల్ 4

ప్రియమైన మీకు, ప్రవళిక వందనాలు.

మీ ఫోను ఊరందరికీ నీళ్ల ఫోను. నేను చేసినప్పుడల్లా, "మా వీధికి ఎప్పుడు వదుల్తావ్ ఫ్రాన్సిసూ" అని వెనక ఎవరో అరుస్తుంటారు. ఇక్కడ పుట్టింట్లోనేమో అమ్మ పక్కనే కూర్చుని వింటుంది. అందుకే ఉత్తరం. చదివింది ఐదో తరగతే. తప్పులుంటే నవ్వకండి.

నాకు ఏడో నెల వచ్చింది. బిడ్డ బాగా తిరుగుతోంది. అజయ్ అన్న, అతని స్నేహితులు ముగ్గురు కలిసి ఫోనుతో వార్తలు తీసి నెట్‌లో పెడుతున్నారు. మా వీధి మురికి కాలువ వీడియో పెట్టిన నాలుగో రోజే మనుషులొచ్చి బాగు చేశారు. నాకు గర్వంగా అనిపించింది. ఇప్పుడు మన ఊరి సంగతులు అడుగుతున్నాడు. మన చివరి వీధికి నీళ్లు అంత సన్నగా ఎందుకొస్తాయి? మీకు తెలుసా?

మీ ప్రవళిక


ఆళ్లగడ్డ,
ఏప్రిల్ 11

ప్రియమైన ప్రవళికా,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ట్యాంకు నుంచి దిగే పెద్ద పైపుకు, వాల్వు దగ్గరికి చేరకముందే, నాపరాయి కింద ఇంకో పైపు ఉంది. అది ఊరి పెద్ద పుల్లయ్య గారి అరటి తోటకు పోతుంది. నేను వాల్వు ఎంత తిప్పినా సగం నీళ్లు ముందే అటు పోతాయి. అందుకే మన వీధికి రోజూ ఒక అరగంట ఎక్కువ వదులుతున్నాను.

ఈ సంగతి మీ అన్న చెవిన వేయకు. నీ కాన్పులోపు నేనే ఆ పైపు తీసేస్తాను. మాత్రలు మానకు.

నీ ఫ్రాన్సిస్


నంద్యాల,
మే 9

ప్రియమైన మీకు,

ఏ ముఖంతో రాయాలో తెలియక ఇన్నాళ్లు ఆగాను.

మీ ఉత్తరం వచ్చాక ఒకరోజు అన్నాల దగ్గర అజయ్ అన్న, "మీ ఆయన పుల్లయ్య మనిషంట గదా పాపా. తిప్పమంటే తిప్పుతాడు, ఆపమంటే ఆపుతాడు" అన్నాడు. స్నేహితులు నవ్వారు. మీరు ఎలాంటివారో మాటల్లో చెప్పడం నాకు చేతకాదు. లోపలికెళ్లి మీ ఉత్తరం తెచ్చి అన్న చేతిలో పెట్టాను. మీరు అరగంట ఎక్కువ వదులుతున్నారన్న మాట చదువుతాడనుకున్నాను. అతను పైపు సంగతి చదివాడు.

తర్వాతది మీరు చూసిందే. అన్నవాళ్లు రాయి ఎత్తి వీడియో తీశారు. నలభై వేల మంది చూశారు. అధికారులు వచ్చి పైపు కోసేశారు. మన వీధి ఆదెమ్మత్త ఫోను చేసి, "బిందె పెట్టి తల దువ్వుకునేలోగా నిండిపోతాండాదే" అని ఏడ్చింది.

అయితే ఆ పైపు వేసింది ఎవరని అందరూ అడిగారు. మీకంటే ముందు నీళ్లు వదిలిన సంజీవయ్యే వేసుంటాడని ఎవరో రాస్తే, అన్న రెండో వీడియోలో అదే చెప్పేశాడు. ఆ పేరు విని నా గుండె కుదుటపడింది. ఇక మిమ్మల్ని ఎవరూ అనరు. నన్ను క్షమించండి. ఒక్క ముక్క రాయండి.

మీ ప్రవళిక


ఆళ్లగడ్డ,
మే 14

ప్రియమైన ప్రవళికా,

నీ మీద రెండు రోజులు కోపంగా ఉన్నాను. ఇప్పుడు లేదు.

ఆ పైపు వేసింది నేను.

పుల్లయ్య గారు ముందు సంజీవయ్యనే అడిగారు. "నా చేత్తో ఆ పని చేయనప్పా" అన్నాడు. నెల తిరగకుండా ఆయన్ని తీసేసి నన్ను పెట్టించారు. అది మన పెళ్లికి ముందు ఏడాది. నేను కాదంటే ఇంకొకడు వేస్తాడులే అనుకున్నాను. నేనే తవ్వాను, నేనే అతికించాను, పైన రాయి కూడా నేనే పరిచాను. ఆ అరగంట నీళ్లు అందుకే. నువ్వు నన్ను మంచివాడనుకుంటుంటే చెప్పడానికి ధైర్యం చాలలేదు.

సంజీవయ్య ఊళ్లో తల ఎత్తుకోలేక గడివేములలో కూతురింటికి వెళ్లిపోయాడు. ఆదివారం నంద్యాల వస్తాను. మీ అన్న ఫోను ముందు అంతా చెబుతాను. పని పోతుంది. బిడ్డ పుట్టే వేళ నీకీ కష్టం తెచ్చాను.

ఫ్రాన్సిస్


నంద్యాల,
మే 30

ప్రియమైన మీకు,

నీళ్ల పని పోయాక మీరు శిల్పాల షెడ్డులో రాళ్లు మోస్తున్నారని ఆదెమ్మత్త చెప్పింది. చేతులకు గుడ్డ చుట్టుకోండి.

ఆ ఆదివారం అన్న, "నీ పేరు నువ్వే చెప్పుకుంటావా బావా, గమ్మునుండు" అన్నా మీరు ఆగలేదు. ఆ వీడియో పెట్టి పన్నెండు రోజులైంది. మూడు వందల మంది చూశారు. ఎందుకింతే అని అన్నను అడిగాను. "నీళ్లొచ్చేశాయి గదా పాపా, ఇంగెవరు చూస్తారు" అన్నాడు.

నిన్న అమ్మను వెంటబెట్టుకుని గడివేముల వెళ్లాను. సంజీవయ్య మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. ఫోనులో మీ వీడియో పెట్టి చూపించినా చూడలేదు. "నేను చేయలేదని నాకు తెలీదా? నాకేల చూపిస్తాండావ్?" అన్నాడు. ఆయన కూతురు జెస్సికా గడపలో నిలబడి, "కొళాయి కాడికి పోతే దొంగ కూతురొచ్చె అంటాండారు. నలభై వేల మందికీ యాడని చూపిస్తావ్ పో" అంది.

ఆయన పేరు విని గుండె కుదుటపడ్డ దాన్ని, ఏం చెప్పను? అమ్మ, "బస్సు టైమాయ, పోదాం రామ్మా" అంది. కొత్తవాళ్లతో నేను ఏనాడూ ముందుగా మాట్లాడింది లేదని మీకు తెలుసు. వెళ్లి పక్కింటి తలుపు కొట్టాను. ఒకావిడ తీసింది.

"అమ్మా, ఒక్క నిమిషం ఇది చూడండి. ఇందులో మాట్లాడేది నా భర్త" అన్నాను.

మీ ప్రవళిక