నలభై నంబరు అడ్రసు

అన్నయ్యకు,

నీ చెల్లెలు పిచ్చుక నమస్కారాలు. ఇక్కడ వదిన, పాప, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ ఆ దీవి ఉద్యోగంలో గాలికీ ఉప్పుకీ తట్టుకుని కులాసాగా ఉన్నావని తలుస్తాను. ‘ఒంట్లో’ అని విడిగా ఎందుకు రాశానో కిందికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది. ఊరందరి ఇళ్లకూ వైఫై పెట్టిన మనిషికి పదిహేను రోజులకోసారి వచ్చే పడవే దిక్కయిందని వదిన నవ్వుతుండేది. ఈ వారం మన ఇంట్లో ఎవరమూ నవ్వలేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పాప దగ్గు తగ్గింది. పై పన్ను ఊడింది, దాన్ని అగ్గిపెట్టెలో దాచి నాన్న వచ్చాకే చూపిస్తానంటోంది. వంటింటి కిటికీ గొళ్లెం నేనే బిగించాను. వదిన కుట్టుపని చేసే దుకాణంలో కొత్త మిషను వచ్చింది, నడుం నొప్పి కాస్త నయం. వదిన ఉత్తరం ఎందుకు రాయలేదంటావేమో, అదీ చెప్తాను.

నువ్వు నాకు అప్పగించి వెళ్లిన ఆసుపత్రి వైఫై పని, మూడో అంతస్తుది, అయిందా అని అడిగావు. అయింది. వైఫై ఇచ్చే నాలుగు యాక్సెస్ పాయింటు పెట్టెలూ బిగించాను. ఎక్స్‌రే గది గోడలు సిగ్నల్‌ను మింగేస్తాయని నువ్వు ముందే చెప్పావు కనక దాని పక్కన పెట్టాల్సినదాన్ని నడవాలోకి జరిపి, సిస్టర్ల బల్లకు ఎదురుగా పైకప్పుకు బిగించాను. ఆ మంగళవారం పొద్దున పెద్ద సిస్టరు నా నిచ్చెన కదలకుండా పట్టుకుంది. నీకు ఆవిడ గుర్తుండే ఉంటుంది. నువ్వు అక్కడ పనిచేసినన్నాళ్లూ నీ టిఫిన్ డబ్బా వేడిచేసి పెట్టింది ఆవిడే.

అదే రోజు మధ్యాహ్నం మూడు దాటాక తొమ్మిదో మంచం మీది రోగి కిందపడ్డాడు. రిటైరైన బస్సు డ్రైవరు. కడుపుకు ఆపరేషనై నాలుగు రోజులే. ఒంటరిగా లేవొద్దని, ఏం కావాలన్నా చేతికిచ్చిన బటన్ నొక్కమని చెప్పారు. ఆయన భార్య మందులు తేవడానికి కిందికి వెళ్లింది. తల మంచం ఇనప కోడుకు తగిలింది. అప్పటినుంచి మాట లేదు, కుడి చేయీ కాలూ కదలడం లేదు. కళ్లు తెరిచి చూస్తాడంతే.

పెద్ద సిస్టరు ఆ సమయంలో బల్ల దగ్గరే ఉంది. బెల్ మోగలేదంది, పిలుపులు కనిపించే తెర మీద దీపం వెలగలేదంది. సూపరింటెండెంటు గారు వచ్చి తొమ్మిదో మంచం బటన్ తానే నొక్కి చూశారు. మోగింది. మళ్లీ నొక్కారు, మళ్లీ మోగింది. పాతికేళ్ల సర్వీసున్న మనిషిని అందరి ముందూ అబద్ధాలకోరును చేసి ఇంటికి పంపేశారు.

అన్నయ్యా, ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆయన నొక్కి చూసేసరికి బెల్ మోగిందంటే, అంతకు పది నిమిషాల ముందు నేను దాన్ని బాగుచేశాను కాబట్టి.

పొద్దున నిచ్చెన మీదే ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నడవాలోకి జరిపిన ఆ నాలుగో పెట్టెకు సెట్టింగులు చేశాను. పేరు, పాస్‌వర్డ్, ఛానల్ అన్నీ సరిగానే పెట్టాను. నెట్‌వర్కులో ఒక్కో పెట్టెకూ వేరేగా ఉండాల్సిన అడ్రసు దగ్గరికొచ్చేసరికి చివరి అంకె ఏది ఖాళీగా ఉందో చూడాలి. నువ్వు రాసిపెట్టిన జాబితా కింద స్టోరు గదిలో ఉండిపోయింది. మూడంతస్తులు దిగి ఎక్కడానికి బద్ధకమేసింది. నలభై ఖాళీయే అనుకుని నలభై కొట్టాను. ఆ అడ్రసుకు పలకరింపుగా ఒక్కసారి పింగ్ పంపి చూసినా ఎవరో ఉన్నారని తెలిసేది. పంపలేదు. నలభై, మంచాల దగ్గర బటన్ నొక్కితే పిలుపు వచ్చి చేరే సిస్టర్ల బల్ల మీది తెరది. ఒకే అడ్రసుకు రెండు పెట్టెలు కాచుక్కూర్చుంటే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? కాసేపు అంతా బాగానే నడిచింది. తరవాత మంచాల దగ్గరి పిలుపులన్నీ నేను బిగించిన పెట్టెకు వెళ్లి అక్కడే చచ్చిపోయాయి. తెర మీద మాత్రం అంతా పచ్చగానే ఉంది.

కేకలు విని పైకి పరుగెత్తాను. ల్యాప్‌టాప్ తెరిచిన నిమిషానికే అర్థమైంది. వార్డులో అందరూ ఆయన చుట్టూ ఉన్నారు. నేను నిచ్చెనెక్కి, వెనక ఉన్న సన్న రంధ్రంలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కిపట్టాను. రీసెట్‌తో అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. కొత్తగా యాభై ఎనిమిది పెట్టి దిగిపోయాను. కిందికొచ్చాక చూసుకుంటే పిన్ను ఇంకా పిడికిట్లోనే ఉంది, అరచేతిలో గుచ్చుకుని రక్తం వచ్చింది.

ఇక్కడితో ఆగి ఉంటే నీకు ఈ ఉత్తరం ఇంత భయపడుతూ రాసేదాన్ని కాదు. గురువారం సూపరింటెండెంటు గారు పిలిపించారు. పెద్ద సిస్టరు పట్టువిడవడం లేదని, యంత్రం తప్పే అయ్యుండే అవకాశం ఉందా అని అడిగారు. పాత సెట్టింగుల్లో ఏదో తికమక ఉండొచ్చన్నాను. అవి ఎవరు చేసినవి అని అడిగారు.

“మా అన్నయ్య చేసినవి సార్,” అన్నాను.

ఆ నాలుగు మాటలూ నేనే అన్నాను, నన్నెవరూ బలవంతపెట్టలేదు. నువ్వు సముద్రం మధ్యలో ఉన్నావు, నిన్నెవరు ఏం చేస్తారులే అనుకున్నాను. శుక్రవారం పడవలోనే మీ అధికారికి ఆసుపత్రి ఉత్తరం వెళ్లిపోయింది. నాకు తెలిసేసరికి పడవ రేవు దాటింది. మీ ఆఫీసుకు ఫోను చేసి బతిమాలాను. దీవిలోని రేడియో ఫోను ఆఫీసు పనికి తప్ప ఇవ్వరట, ఇంటి సంగతులు పడవలో పంపుకోమన్నారు. అంటే ఇది నీ చేతికొచ్చేసరికి ఆ మాట నీ నెత్తిన పడి రెండు వారాలై ఉంటుంది. 

సోమవారం నడవాలో వైరు చుట్టుకుంటుంటే డ్రైవరు గారి భార్య బెంచీ మీది నుంచి పిలిచింది.

“మీరు ఈ మిషన్ల అమ్మాయే కదూ? ఆయన ఆ బటన్ నొక్కాడో లేదో మీకు తెలుస్తుందా అమ్మా?”

ఎందుకని అడిగాను.

“నొక్కమని లక్షసార్లు చెప్పి వెళ్లాను. మొండి మనిషి, ఒకరిని పిలవడం నామోషీ ఆయనకి. ఆరు రోజుల్నించీ ఆ మంచం పక్కన కూర్చుని తిడుతూనే ఉన్నాను. నొక్కలేదని తెలిస్తే తిట్టుకుంటూనే సేవ చేస్తా. నొక్కాడో లేదో తెలియకపోతేనే ఉండలేకపోతున్నాను.”

ఆ బటన్ తీసుకెళ్లి స్టోరు గదిలో ల్యాప్‌టాప్‌కు కలిపాను. జవాబు రాని పిలుపుల్ని అది తనలోనే ఉంచుకుంటుంది. ఆ మంగళవారం మూడూ ఏడు నుంచి మూడూ పదిహేను లోపల పదకొండు పిలుపులు. మొదటివి నిమిషానికొకటి, చివరి నాలుగూ వెంటవెంటనే.

పైకి వెళ్లి ఆవిడకు చెప్పాను. పదకొండుసార్లు నొక్కారని, తప్పు నాదని, రెండూ ఒకే ఊపిరిలో. ఆవిడ లేచి లోపలికెళ్లింది. మంచం మీద వంగి ఆయన చెవి దగ్గర చాలాసేపు ఏదో చెప్తూ ఉంది. నేను గుమ్మంలో నిలబడ్డానని కూడా ఆవిడకు గుర్తు లేదు.

అక్కణ్నుంచి తిన్నగా సూపరింటెండెంటు గారి గదికి వెళ్లి అంతా చెప్పాను, కాగితం మీద రాసి సంతకం పెట్టాను. నన్ను పనిలోంచి తీసేశారు. విచారణ ఇంకా ఉంది, ఏ శిక్ష పడుతుందో తెలియదు. పెద్ద సిస్టరును మళ్లీ రమ్మన్నారు. ఆవిడ ఇంటికి వెళ్లాను. తలుపు సగమే తీసింది. “నీ నిచ్చెన పట్టుకున్నాను కదే,” అంది. అంతే, తలుపు వేసేసింది.

నిన్న వదినకు చెప్పాను. ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నేను మాట్లాడుతున్నంతసేపూ చేతులు ఆగలేదు. పాప గౌను మడిచింది, నీ చొక్కా మడిచింది. మొత్తం అయ్యాక అంది: “ఈసారి ఉత్తరం నేను రాయను. నువ్వే రాయి. ఒక్క ముక్క దాచావంటే ఈ ఇంట్లో నీకూ నాకూ మాటలుండవు.” పక్కగదిలోకి వెళ్లాక ఏడుపు వినిపించింది. నేను వెళ్లలేదు. ఏ మొహంతో వెళ్లను?

నీది తప్పు కాదని రాసిన కాగితం సూపరింటెండెంటు గారు ఇదే పడవలో పంపుతున్నారు. నా భయం దాని గురించి కాదు. నీ గురించి నాకు తెలుసు. బళ్లో నేను కిటికీ అద్దం పగలగొడితే చెయ్యి చాపి దెబ్బలు తిన్నది నువ్వు. ఆసుపత్రి ఉత్తరం చదవగానే ఆ తప్పు ఎవరు చేసి ఉంటారో నీకు ఇట్టే తెలిసిపోతుంది. అధికారి అడిగితే ‘నాదే పొరపాటు’ అని చెప్పే మనిషివి నువ్వు. దేవుడా, ఇప్పటికే చెప్పేశావేమో.

అన్నయ్యా, నీ కాళ్లు పట్టుకుంటాను, ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. పెట్టి ఉంటే ఇప్పుడే, ఈ ఉత్తరం చేతిలో ఉండగానే వెళ్లి వెనక్కి తీసుకో. ఇది అధికారికి చూపించు, నా చేతిరాతే. నన్ను తిట్టడానికైనా సరే నాకు జవాబు రాయి. ఈసారి దెబ్బలు నన్ను తిననివ్వు.

ఇట్లు,
నీ మీద నింద వేసిన,
నీ చెల్లెలు