చాపమీద పావుగంట

తిరువళ్ళూరు,
10 ఫిబ్రవరి 1957

ప్రియమైన నాయనకు,

మీ రంజితం వందనాలు. నేను క్షేమం. అమ్మ పంపిన ఊరగాయ జాడీ పగలకుండా చేరింది. మూడో రోజుకే అడుగు కనబడింది. గదిలో నలుగురం ఉన్నాం మరి! టీచరు ట్రైనింగు ఇంక మూడు నెలలే.

ఇంట్లో లాగే పొద్దున అయిదున్నరకు చాప పరుచుకుంటున్నాను. పాట, వాక్యం, తర్వాత పావుగంట దేవుడు ఏమంటాడో అని నోరు మెదపకుండా కూర్చోవడం. జేబు గడియారం చేతిలో పట్టుకుని "ఎవురేం విన్నారో చెప్పండి" అనే మీరు లేకపోవడమే వెలితిగా ఉంది. అమ్మ ఇప్పటికీ "నాకేమీ వినబళ్ళేదు" అనే అంటోందా?

నా పక్క మంచం దేవకికి టైఫాయిడ్ వచ్చింది. మిషన్ ఆసుపత్రిలో పది రోజులు తోడున్నాను. ఇప్పుడు బాగుంది. ఆమె ఇంటికి వెళ్ళిపోయినా, నేను మాత్రం సాయంత్రాలు అక్కడికి వెళ్తూనే ఉన్నాను. ఎందుకో మళ్ళీ రాస్తాను.

మీ ప్రియ కుమార్తె,
మనోరంజితం


తిరుత్తణి,
19 ఫిబ్రవరి 1957

ప్రియమైన రంజితానికి,

నాయన ఆశీస్సులు. శుభవార్త ముందు చెప్తాను. కమిటీవాళ్ళు ఒప్పుకున్నారు. జూన్ మూడో తేదీన నువ్వు మన బడిలో టీచరుగా చేరుతున్నావు!

నిన్న బైబిలు అట్ట తెరిచి చూసుకున్నాను. నీ పుట్టినరోజు కింద నా చేత్తో రాసింది అలాగే ఉంది: "24 డిసెంబరు 1946. రంజితం చాపమీద విన్నది: పెద్దయ్యాక నాయన బడిలోనే టీచరుగా ఉండాల." తొమ్మిదేళ్ళ బిడ్డతో దేవుడు అంత స్పష్టంగా మాట్లాడాడు. అందుకే రెండుసార్లు చిత్తూరికి హెడ్మాస్టరుగా రమ్మని పిలిచినా పోలేదు. నీ చోటు నీకోసం కాపాడుకుంటూ వచ్చాను.

వడ్రంగి వేలాయుధం చేత నీకు వేపచెక్క కుర్చీ చేయించాను. కాళ్ళు నీ ఎత్తుకు సరిపోయేలా తగ్గించమన్నాను.

మీ అమ్మది అదే పాట. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఒక్కనాడూ ఆమెకు ఏమీ వినబడలేదు. విశ్వాసం చాలదు, పాపం. ఆమెకోసం ప్రార్థన చెయ్యి.

నీ తండ్రి,
సుందరరాజ్


తిరువళ్ళూరు,
3 మార్చి 1957

ప్రియమైన నాయనకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించేశాను. ఇది అయిదోది.

ఆ డిసెంబరు పొద్దున నాకు ఏమీ వినబడలేదు నాయనా. అమ్మ క్రిస్మస్‌కు అతిరసాలు వండి గంపకింద మూసిపెట్టింది. ఆ వాసన చాపదాకా వస్తోంది. విన్నది చెప్పందే ఎవరూ లేవకూడదని మీ ఆజ్ఞ. ఏం చెబితే మీరు సంతోషించి తొందరగా లేవనిస్తారో నాకు తెలుసు. అదే చెప్పాను. మీరు నన్ను ఎత్తుకుని ముద్దుపెట్టుకున్నారు. ఆ ముద్దు తర్వాత నిజం చెప్పడానికి నాకు పదేళ్ళు ధైర్యం చాలలేదు.

ఆసుపత్రిలో చెంగమ్మ అని ఒక ముసలామె ఉండేది. ఆమెకు ఎవరూ లేరు. ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కూర్చోడానికి ఏమీ లేక, ఆమె నిద్రపోయేదాకా అలాగే నిలబడ్డాను. కాళ్ళు పీకాయి. కానీ నేను ఉండవలసిన చోటు ఇదేనని మనసు నిండిపోయింది. దేవుడే చెప్పాడని అనను. ఒకసారి ఆయన పేరు వాడుకున్నది చాలు.

నర్సు ట్రైనింగులో చేర్చుకుంటామని మేట్రన్ అంటోంది. మే పదో తేదీలోగా జవాబు చెప్పాలి. నాకు వెళ్ళాలని ఉంది. మీరు సరే అనకుండా వెళ్ళలేను.

క్షమించమని అడుగుతూ,
మీ రంజితం


తిరువళ్ళూరు,
24 ఏప్రిల్ 1957

ప్రియమైన నాయనకు,

ఏడు వారాలయింది. ఈస్టరుకు కూడా కార్డు రాలేదు. పోస్టుమాన్ నన్ను చూడగానే తల అడ్డంగా ఊపుతున్నాడు.

మీ మాట లేకుండా నేను బతకలేను. జూన్ మూడున వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాను. మేట్రన్‌కు రానని చెప్పేస్తాను. కోపంగానైనా సరే, ఒక్క ముక్క రాయండి.

మీ రంజితం


తిరుత్తణి,
29 ఏప్రిల్ 1957

నా బంగారు తల్లికి,

మేట్రన్‌కు ఏమీ చెప్పకు. ముందు ఇది చదువు.

కోపంతో కాదమ్మా, సిగ్గుతో రాయలేకపోయాను. నువ్వు ఒప్పుకున్నావు. ఒప్పుకోవలసింది నాకూ ఉంది. ఆ పొద్దున నువ్వు ఒక కన్ను తెరిచి గంపవైపు చూడడం నేను చూశాను. ఎలా చూశానంటావా? నా కళ్ళూ తెరిచే ఉన్నాయి. గడియారం చూస్తున్నాను. నీ మాట ఆకలి మాట అని నాకు అప్పుడే తెలుసు. కానీ అది నేను వినాలనుకున్న మాట. అందుకే ఆలస్యం చేయకుండా బైబిల్లో రాసి, దానికి దేవుడి పేరు పెట్టాను. నీది తొమ్మిదేళ్ళ బిడ్డ అబద్ధం. నాది ఉపాధ్యాయుడి అబద్ధం.

ఈ ఏడు వారాలూ గడియారం పెట్టెలో పెట్టి కూర్చున్నాను. నాకు ఏమీ వినబడలేదు. మొన్న మీ అమ్మను పేరు పెట్టి పిలిచి, మొదటిసారి, "నాకూ ఏమీ వినబళ్ళేదు, జ్ఞానం" అన్నాను. ఆమె నవ్వలేదు. ఇన్నేళ్ళూ ఆ చాపమీద నిజం చెప్పింది ఆమె ఒక్కతే అని నాకు అప్పుడు తెలిసింది. నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. చెంగమ్మ సంగతి రెండోసారి చదివించుకుంది.

ఈ పొద్దున నేనేమీ అడగకముందే నోరు తెరిచింది.

"ఆ కుర్చీ ఈడ ఉండాల్సింది కాదు. బిడ్డ యాడుంటే ఆడికి తీసకపోవాల. ముసిలోళ్ళ పక్కన నిలబడి ఎంతసేపని చెయ్యి పట్టుకుంటాది?"

నేను నివ్వెరపోయాను. "దేవుడే చెప్పినాడా?" అన్నాను.

"ఎవురు చెప్పినారో నాకు తెలీదు. వినబడింది, చెప్పినా. లెయ్యి, సంగటి ఆరిపోతా ఉంది."

బైబిల్లో పాత వాక్యం కొట్టేయలేదు. దాని కింద అమ్మ మాట, నేటి తేదీ వేసి రాశాను.

శనివారం పొద్దున ప్యాసింజరులో ఇద్దరం వస్తున్నాం. మేట్రన్‌తో నేనే మాట్లాడతాను. నువ్వు స్టేషనుకు రా తల్లీ. కుర్చీ బరువుగా ఉంది, నేనొక్కణ్ణే దించలేను.

నీ నాయన,
సుందరరాజ్